గుండ్రాయి లేని ఇసుక

విదియ

నా పేరు కొల్లాటి మరిడమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఎత్తూరులో లోపలి కట్ట వెంట నాలుగో వరసలో స్తంభాల మీద మా ఇల్లు. ఇంట్లో నేను, కొడుకు గవర్రాజు, కోడలు వీరవేణి, ఎనిమిది నెలల మనవరాలు. కొడుకు పొగమంచు వలల దగ్గర మంచినీళ్ళు పట్టే పనిలో ఉన్నాడు, పున్నానికీ అమాసకీ తప్ప ఇంటికి రాడు. నాకు చదువు రాదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎత్తూరు పురపాలక సంఘం వారి కట్ట మీద నడిచే ఉద్యోగం నాది. అందులో ఇరవై రెండేళ్ళు మేస్త్రీని. ఎవరు నడవాలో, ఏ గుర్తు నుంచి ఏ గుర్తు దాకా నడవాలో చెప్పేదాన్ని.

నా ఫిర్యాదు ఇది. పురపాలక సంఘం నన్నూ, నాతో పాటు పద్దెనిమిది మంది ఆడవాళ్ళనూ ఉద్యోగంలోంచి తోసేస్తోంది. తోసేస్తున్నామని నోటితో అనడం లేదు. ఈ రోజు నుంచి మాకు హాజరు వెయ్యడం మానేసింది. పది రోజులు హాజరు పడకపోతే పేరు కొట్టేస్తారు. ఏకాదశికి పది రోజులూ నిండుతాయి. ద్వాదశి నాడు విచారణ. ఆ లోపల నా వాదన రాయించాలట, ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాయించాలట.

ముందు రాతపెట్టె ఇచ్చారు. మనం మాట్లాడితే అదే రాసుకుంటుంది. నేను "మమ్మల్ని మెడ పట్టి గెంటేశారు" అన్నాను. వెనక్కి చదివించుకుంటే "మాకు విధుల నుండి ఉపశమనం కల్పించబడినది" అంది. దాని మీద బోర్లించిన చేప బుట్ట ఇంకా తీయలేదు. చదువు రాని మనిషి కోరితే రాసేందుకు మనిషినే ఇవ్వాలని వాళ్ళ నిబంధనల్లో ఉంది. కోడలికి నాలుగు తరగతుల చదువు ఉంది గానీ దాని రాత దానికే రెండోసారి అర్థం కాదు, పైగా ఇంటి మనిషి రాస్తే చెల్లదు. అందుకని ఆఫీసు వాళ్ళు సుంకులమ్మను పంపారు.

ఈ సుంకులమ్మకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఎండ ఏళ్ళలో మెట్టసీమ వదిలి వచ్చి, కట్ట దిగువన గుడారాలు వేసుకున్న వాళ్ళ పిల్ల. ఊళ్ళో వాళ్ళను ఎండోళ్ళు అంటారు. ఉప్పుమళ్ళ నుంచి వచ్చిన మమ్మల్ని ఉప్పోళ్ళు అంటారు. ఆమెను నేను ఎరుగుదును, నన్ను ఆమె ఎరుగును. ఎలా ఎరుగుదుమో ఈ ఫిర్యాదుకు అక్కర్లేదు.

"అవ్వా, నువ్వు మాట్లాడినట్లే రాయల్నా, బడి తెలుగులో రాయల్నా?" అని అడిగింది.

"బడి తెలుగులోనే రాసుకో. ఆఫీసోళ్ళు సదవాలి గదా. కానీ కారం తియ్యకు."

"తీస్తే నీకెట్ల తెలుస్తాది?"

"రోజూ సదివి ఇనిపిత్తావు. నాకు సెవులున్నాయి."

ఇంతవరకు చదివి వినిపించింది. సరిగానే ఉంది.

చవితి

కొత్తగా వచ్చిన అధికారులు కట్ట అంటే మట్టిగోడ అనుకుంటారు. అది పెరిగే కట్ట. నాకు పాతికేళ్ళప్పుడు సముద్రం పాత ఊళ్ళను మింగితే, మిగిలిన నేల చుట్టూ బురద పోసి పీచువేరు విత్తారు. ఆ వేరు మోకుల్లా అల్లుకుని సముద్రాన్ని ఆపింది. ఎక్కడైనా ఉప్పునీరు లోపలికి కొరికితే వేరు దానితో పెనుగులాడుతుంది, అక్కడ నేల వేడెక్కుతుంది. దాన్ని మేం జ్వరం అంటాం. సూర్యుడు నేలను వేడి చెయ్యకముందే ఒట్టి కాళ్ళతో నడిచి, వెచ్చగా తగిలిన చోట ఎర్రగుడ్డ పాతిపెట్టడం మా పని. తర్వాత మగవాళ్ళ ముఠా వచ్చి అక్కడ మంచినీళ్ళూ బంకమట్టీ పోస్తారు. ఇనుప పరికరం ఏది పాతినా వేరు ఒక్క వానాకాలంలో తినేస్తుంది. అందుకే మా కాళ్ళు కావలసి వచ్చాయి.

ఈ ఏడు జిల్లా సమానత్వ సంఘం వాళ్ళు వచ్చారు. కట్ట మీద అరవై మంది, అరవై మందీ ఉప్పుమళ్ళ ఆడవాళ్ళే, అందరూ ఒట్టి కాళ్ళతో. ఆఫీసు గదుల్లో నూట పది మంది, వాళ్ళలో ఉప్పుమళ్ళ మనిషి ఒక్కరూ లేరు. ఇది వివక్ష అన్నారు. నిజమే, ముప్పై ఏళ్ళుగా నేనూ ఆ మాటే అరుస్తున్నాను. దానికి పురపాలక సంఘం చేసిన వైద్యం వినండి. ఒట్టి కాళ్ళ నడక ఒక కులం మీద వేసిన ముద్ర కాబట్టి ఇక ఎవరూ ఒట్టి కాళ్ళతో నడవకూడదన్నారు. అందరికీ ఒకే రకం బూటు, ఒకే పరీక్ష అన్నారు.

బూటు మూడు కొలతల్లో వచ్చింది. యాభై ఏళ్ళు బురదలో పరుచుకున్న పాదం ఏ కొలతలోనూ పట్టదు. జ్వరం తగిలితే బూటు ముందు భాగాన అక్షరాలు వెలుగుతాయి. అవి చదివి, మడమతో ఒకసారో రెండుసార్లో నొక్కి జవాబివ్వాలి. పరీక్షంటే అద్దం మీద ముప్పై ప్రశ్నలు, చదివి వేలు పెట్టాలి. అరవై మందిలో చదువు వచ్చిన పడుచువాళ్ళు నలభై ఒక్కరు నెగ్గారు. మేం పంతొమ్మిది మందిమి ఓడిపోయాం.

ఈ రోజు తెల్లవారకముందే నేనూ నా జతకత్తె పేరంటాలూ కట్ట గేటు దగ్గరికి వెళ్ళాం. పేరంటాలుకు అరవై నాలుగేళ్ళు, ఇరవై ఏళ్ళుగా నా పక్క గుర్తుల్లో నడిచే మనిషి. గేటు పెట్టె మా కాళ్ళ మీద వెలుగు వేసి, "పాదరక్షలు గుర్తించబడలేదు. హాజరు నమోదు కాదు. శుభోదయం" అంది.

"నీ శుబోదయం తగలెయ్య!" అంది పేరంటాలు. "అక్కా, దీనికి కూడా ఓ బుట్ట బోర్లిద్దునా?"

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. గేటు తెరుచుకోలేదు. మా కళ్ళ ముందే నలభై ఒక్క మంది అరవై మంది నడిచే దారి నడవడానికి వెళ్ళారు. వాళ్ళంతా నేను నడక నేర్పిన పిల్లలే. ఒక్కతీ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపు వస్తుందని కాబోలు.

షష్ఠి

బూటు పక్కలు చేపల కత్తితో కోసి, కాళ్ళు దూర్చి వెళ్ళాను. గేటు పెట్టె ఒప్పుకుంది. ఎనిమిదో గుర్తు నుంచి ఇరవయ్యో గుర్తు దాకా నడిచాను. పన్నెండో గుర్తు దగ్గర బూటు వణికి అక్షరాలు వెలిగించింది. నాకు అవి పేడపురుగుల వరసలా కనిపించాయి. బూటు విప్పి ఒట్టి కాలు మోపాను. అక్కడ ఏమీ లేదు. ఇంకో రెండడుగులు వేస్తే అప్పుడు తగిలింది జ్వరం, సన్నగా, పసిపిల్ల నుదురంత వెచ్చన.

అంటే నా పాదం కంటే బూటు రెండడుగుల ముందే పట్టింది.

తిరిగి వస్తే గేటు పెట్టె, "పదకొండు సూచనలకు స్పందన లేదు. విధి లోపం. హాజరు నమోదు కాదు" అంది.

ఇది చెప్పి రాసుకోమన్నాను. సుంకులమ్మ కలం ఆపింది.

"బూటే ముందు పట్టిందని రాస్తే నీ కేసు చెడిపోతాది గదా అవ్వా?"

"నా కేసు బూటు మీద కాదే. బూటు మంచిదే. సదువు రాని దాని కాలికి అచ్చరాలు కట్టి, సదవలేదని తోసేసినోళ్ళ మీద నా కేసు. జననమరణాలు రాసే గుమాస్తాకి సూపు ఆనదని పెద్దచ్చరాల అద్దం ఇచ్చారా లేదా? ఆ పక్క గుమాస్తాకి నడుం నొప్పని ఎత్తు కుర్చీ ఏశారా లేదా? అప్పుడు అందరికీ ఒకటే కుర్చీ అన్నారా? కట్టమీదకొచ్చేసరికే ఒకటే బూటు గుర్తొచ్చిందా ఈళ్ళకి? జరిగింది జరిగినట్టు రాసుకో."

"జరిగింది జరిగినట్లేనా? అంతా?" అంది.

అంటూ నా ముఖంలోకి చూసింది. నేను పిల్ల ఉయ్యాల వైపు తిరిగి తాడు లాగాను.

సప్తమి

ఈ రోజు పొద్దున్నే సమానావకాశాల అధికారిణి హేమనళిని గారు మా ఇంటికి వచ్చారు. నలభై లోపు మనిషి. చెప్పులు కింద మెట్టు దగ్గరే విడిచి, పీట వేస్తే పీట మీదే కూర్చున్నారు. వీరవేణి ఉప్పువరి గంజి ఇస్తే గ్లాసు ఖాళీ చేశారు. మంచి మనిషే. మంచి మనుషులతో పోట్లాడటం కష్టం.

"మరిడమ్మ గారూ, ఇప్పటిదాకా మీరు రాయించింది తెప్పించుకుని చదివాను. చదువు రానివాళ్ళకు అక్షరాల బూటు ఇవ్వడం మా తప్పు. ఒప్పుకుంటున్నాను."

"అయితే హాజరెయ్యండి."

"వేస్తాను. కానీ నా నెత్తిన ఇంకో బాధ్యత ఉంది. అరవై మందీ ఒకే చోటి నుంచి ఎలా వచ్చారని జిల్లా వాళ్ళు అడుగుతారు. మీరేదో ఇసుక పరీక్ష పెట్టి మనుషుల్ని ఎంచేవారట కదా. ఆ పరీక్ష వచ్చిన ప్రతి మనిషికీ ఒకేలా జరిగిందని ద్వాదశి లోపల రాయించి వేలిముద్ర వెయ్యండి. అప్పుడు పాత పద్ధతి న్యాయమైనదేనని నేను వాదించగలను. పంతొమ్మిది మందినీ ఒట్టి కాళ్ళతోనే వెనక్కి తీసుకుంటాను."

"ఎయ్యకపోతే?"

"పాత నియామకాలన్నీ అనుమానం కిందికి వస్తాయి. అప్పుడు ఈ పంతొమ్మిది మంది కోసం నేను మాట్లాడటానికి ఏమీ మిగలదు."

ఆమె వెళ్ళాక సుంకులమ్మను చదవమన్నాను. చదివింది. "వచ్చిన ప్రతి మనిషికీ ఒకేలా" అన్న చోట ఆమె గొంతు ఏమీ మారలేదు. మారి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నవమి

నిన్న ఏమీ రాయించలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి సుంకులమ్మను పంపేశాను. ఒంట్లో బాగానే ఉంది.

ఈ రోజు పేరంటాలు వచ్చింది. మిగిలిన పదిహేడు మంది మాటా తన నోట పెట్టుకుని వచ్చింది.

"ఏటక్కా ఇంకా ఆలోసన? ఒక్క ముక్క. అందరికీ ఒకేలా జరిగింది. ఏలుముద్ర. అయిపోయింది."

"నువ్వు బయటికెల్లు పేరంటాలూ."

"ఎందుకెల్లాలి? నా ఉద్యోగం కూడా అందులోనే ఉంది. ఈ ఎండోళ్ళ పిల్ల ఉందనా? రాసే మనిసికి సెవులెందుకు, సేతులు సాలు."

సుంకులమ్మ కలం కింద పెట్టింది. ఎనిమిది రోజుల్లో ఆమె తన సంగతి ఎత్తి నన్ను అడిగింది అప్పుడే.

ఆ మాట అర్థం కావాలంటే పరీక్ష సంగతి చెప్పాలి. మా ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవున ఇసుక పోసి ఉంటుంది. నేను ఒక గుండ్రాయిని పొయ్యిలో కాల్చి, తడి గోనెలో చుట్టి, ఆ ఇసుకలో మోచేతి లోతున పాతేదాన్ని. పైన చేత్తో తాకితే ఏమీ తెలియదు. ఉద్యోగం కోరి వచ్చిన మనిషికి కళ్ళకు గుడ్డ కట్టి నడిపిస్తాను. గుండ్రాయి ఉన్న చోట ఆగితే ఆ కాలు పనికొస్తుంది. ఏడాదికి ఒకసారి చొప్పున మూడుసార్లు అవకాశం. ఈ పరీక్ష మా అత్త పెట్టేది, తర్వాత నేను.

"ఐదేండ్ల కింద ఈ ఇసుక మీద నేను నడిచినా," అంది సుంకులమ్మ. "ఏడాదికొక తూరి, మూడు తూర్లు. మూడు తూర్లూ ఈడ రాయి లేదనే చెప్పినా. ఇట్లాంటి సచ్చిన కాలు నా జన్మలో చూడలేదంటివి. అందరి ముందర. మీవోళ్ళంతా నవ్విరి. ఇప్పుడు ఒకటే అడుగుతా. ఇసుకలో రాయి ఉండిందా?"

"ఏటే, రాయడానికొచ్చి మా అక్కనే నిలదీత్తన్నావా?" అని లేచింది పేరంటాలు. "ఆఫీసోళ్ళకి సెప్పి నిన్ను మార్పించేత్తాను."

"మార్పించుకో. అడిగింది అడిగినట్లే ఉంటాది."

ఇద్దరూ నా వైపు చూశారు. జవాబు చెప్పలేదని రాసుకోమని మాత్రం చెప్పాను.

దశమి

కోడల్ని పిల్లతో సహా ఎదురుగా కూర్చోపెట్టుకుని ఇది రాయిస్తున్నాను. ఒకరు వినాలి.

ఇరవై రెండేళ్ళలో నేను నూట ముప్పై మందికి పైగా ఇసుక మీద నడిపించాను. వాళ్ళలో ఎండోళ్ళ ఆడవాళ్ళు పద్నాలుగు మంది. ఆ పద్నాలుగు మంది నడిచినప్పుడు ఇసుకలో గుండ్రాయి లేదు. నేను పెట్టలేదు.

పదమూడు మంది భయపడి ఎక్కడో ఒకచోట ఆగారు. ఎక్కడ ఆగినా తప్పే కదా, పంపేశాను. ఒక్కతె మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, గుడ్డ విప్పుకుని, ఇక్కడ ఏమీ లేదు అంది. రెండో ఏడూ అంతే అంది. మూడో ఏడు కళ్ళు కట్టకముందు పొయ్యి వైపు చూసింది. పొయ్యిలో నిప్పు లేదు. అయినా నడిచింది, అదే మాట చెప్పింది. నూట ముప్పై కాళ్ళలో అంతకంటే మంచి కాలు నేను చూడలేదు. లేనిదాన్ని లేదని చెప్పడం ఉన్నదాన్ని పట్టడం కంటే కష్టం. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసే సచ్చిన కాలు అన్నాను.

ఎందుకు చేశానంటే చెబుతాను. క్షమించమని కాదు. ఆఫీసు గదుల్లోకి మమ్మల్ని రానివ్వలేదు. వలల పనికి మొదట్లో రానివ్వలేదు. పాఠశాలలో మా పిల్లల్ని ఉప్పువాసన అని వెనక కూర్చోపెట్టారు. ఈ ఊళ్ళో మాదని చెప్పుకోవడానికి ఉన్నది ఈ నడక ఒక్కటే. దాంట్లోకి ఇంకొకరు వస్తే మేం ఎక్కడికి పోవాలి అనుకున్నాను. నా మీద మూసిన తలుపు ఎంత గట్టిదో తెలిసిన మనిషిని, అలాంటి తలుపే చేసి ఇంకొకరి మీద మూశాను. మూడో ఏడు మనుషులు చాలక ముప్పై ఒకటో గుర్తు దగ్గర నడిచే ఉద్యోగం ఖాళీగా ఉంది. ఎండోళ్ళకు ఇవ్వడం ఇష్టం లేక ఏడాది పొడుగునా ఖాళీగానే ఉంచాను.

పరీక్ష అందరికీ ఒకేలా జరగలేదు. ఇది నా మాట.

ఏకాదశి

ఇది కోడలు వీరవేణి చేత, కొడుకు వలల పని చీటీ వెనక రాయిస్తున్నాను. చెల్లదని తెలుసు గానీ రాతగత్తె రాలేదు.

నిన్న ఆ మాటలన్నీ సుంకులమ్మ తలెత్తకుండా రాసింది. చదివి వినిపించమంటే చదవలేదు. పుస్తకం మూసి, కొంగుతో దాని అట్ట తుడిచింది.

"ముప్పై ఒకటో గుర్తు కింద ఎవురుంటారో నీకు తెల్సా అవ్వా?"

"గుడారాలు."

"మా గుడారం. ఆ ఏడు జ్వరమొచ్చిందని చెప్పే దిక్కు ల్యాక కట్ట కారింది. మా అమ్మ పండుకున్న మంచం కిందికి నీళ్ళొచ్చినాయి. ఆయమ్మ లేచి నడవల్యాదు. మేం చూసేతలికి నడుము దాకా తడిసి వణుకుతాంది. ఆ దగ్గుతోనే నెల దినాలకు పోయింది. నేను ఈడ నడిస్తానని అడిగింది మా అమ్మ నెత్తి మీద నడవల్లనే."

పిల్ల ఏడుస్తున్నా కోడలు కదలలేదు. సుంకులమ్మ పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మా పంతొమ్మిది మంది మాటా ఆ పుస్తకంలోనే ఉంది. అది లేకపోతే రేపు విచారణ లేదు, పేర్లు కొట్టేస్తారు. ఆమె తేకపోతే అడగడానికి నాకు నోరు లేదు. నేను ఏం రాయించానో చెప్పగానే పేరంటాలు మెట్ల కింద నిలబడి మా ఇంటిల్లిపాదినీ తిట్టి వెళ్ళింది. "నీ మనసు తేలికవ్వడానికి మా పద్దెనిమిది మంది పొయ్యిల్లో నీళ్ళు పోశావు" అంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

ద్వాదశి

ఇది మళ్ళీ సుంకులమ్మే రాస్తోంది. విచారణ గదిలో బల్ల వెనక హేమనళిని గారు, పక్కన ఇద్దరు గుమాస్తాలు. మేం పంతొమ్మిది మందిమి గోడ వారగా నిలబడ్డాం. పేరంటాలు నాకు నలుగురి అవతల నిలబడింది. గంట కొట్టారు. ఫిర్యాదు పుస్తకం ఏదని గుమాస్తా అడిగాడు. నేను నోరు తెరిచే లోపల తలుపు దగ్గర నుంచి, "ఈడుంది" అని వినిపించింది.

సుంకులమ్మ నిలబడే మొత్తం చదివింది. గేటు పెట్టెను తిట్టిన తిట్లూ, బూటు ముందు పట్టిన సంగతీ, పేరంటాలు బెదిరింపూ, గుండ్రాయి లేని ఇసుకా, సచ్చిన కాలూ. ఒక్క మాట తగ్గించలేదు, పెంచలేదు. చీటీ వెనక కోడలు రాసింది కూడా నా చేతిలోంచి తీసుకుని, ఆ గజిబిజి రాత కూడబలుక్కుంటూ, వాళ్ళ అమ్మ చావుతో సహా అదీ చదివింది.

హేమనళిని గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మరిడమ్మ గారూ, మీరు నాకు కావలసిన ఒక్క మాట చెప్పి ఉంటే ఈపాటికి అందరూ ఇంటికి వెళ్ళేవారు."

"ఆయ్, తెలుసండి."

"బూటు విషయంలో మీ ఫిర్యాదు నిజం. చదువు రాని ఉద్యోగికి తగిన ఏర్పాటు చెయ్యకుండా హాజరు ఆపడం మా తప్పు. అది మీ పరీక్ష మంచిచెడ్డల మీద ఆధారపడదు. అలా ముడిపెట్టి మీ ఇంటికి వచ్చి అడగడం నా తప్పు." ఆమె గుమాస్తా వైపు తిరిగారు. "రాసుకో. ఈ పద్దెనిమిది మందికి ఈ రోజు నుంచే హాజరు. బూటు కావలసినవారికి బూటు, వద్దన్నవారికి ఒట్టి కాలు. బూటు అక్షరం బదులు మాట చెప్పాలి. పరీక్ష నోటితో. ఇసుక పరీక్ష ఇకమీద మేస్త్రీ చేతిలో ఉండదు. వెనక్కి పంపిన పద్నాలుగు మందినీ మళ్ళీ పిలవాలి. కట్ట మీద ఖాళీలు నిండేదాకా మొదటి పిలుపు వాళ్ళదే."

గుమాస్తా, "ఈమెకో?" అన్నాడు.

"ఈమె పేరు ఆపు. ఆ ఇసుక పరీక్షల మీద విచారణ తేలేదాకా కట్ట మీద కాలు పెట్టకూడదు."

అప్పుడు నేను మాట్లాడాను. గుమాస్తా వద్దన్నా మాట్లాడాను.

"ఆపండి. ఆపకపోతే నేనే అడిగేదాన్ని. కానీ ఒక మాట నా పుస్తకంలోనే కాదు, మీ పుస్తకంలోనూ ఉండాలి. నేనెవరికీ ఉద్యోగం ఇయ్యలేదమ్మా. నాకా అదికారం ఎక్కడిది? నేను పేరు సెప్పేదాన్ని, ముద్రేసింది మీ ఆఫీసు. ఇరవై రెండేళ్ళు అరవైకి అరవై మంది ఉప్పోళ్ళే వత్తంటే, ఇదేటని ఒక్కరడగలేదు. ఎండోళ్ళ ఆడోళ్ళు మీ గుమ్మం దాకా వత్తే, మరిడమ్మనడగండని పంపేసింది మీ గుమాస్తాలే. ఒక్కడొచ్చి ఆ ఇసుక తవ్వి సూత్తే తేలిపోయేది. తవ్వలేదు. ఎందుకంటే కట్ట మీద ఏ కులపోళ్ళు నడిత్తే మీకేటి, కట్ట నిలబడితే సాలు. నా తప్పు నా పేరున రాసుకోండి. మీది మీ పేరున రాసుకోండి."

గుమాస్తాలు ఇద్దరూ హేమనళిని గారి ముఖం చూశారు. ఆమె కలం తానే తీసుకుని, తన పుస్తకంలో తన చేత్తోనే రాశారు. ఎంతసేపు రాశారో తెలియదు. చివర సంతకం పెట్టి, సుంకులమ్మకు ఇచ్చి చదవమన్నారు. చదివింది. నేను చెప్పినట్టే ఉంది.

బయటికి వచ్చాక పేరంటాలు నా పక్కకు వచ్చింది. ముఖం మాత్రం ఇటు తిప్పలేదు. "నీ గుర్తులు రేపట్నించి నేను నడుత్తానులే," అంది. "జాగర్తగా నడుత్తాను. నీతో మాటాడతానని మాత్రం అనుకోకు." సాక్షి ముద్ర వెయ్యమంటే వేసింది.

మొదటి మాట నుంచి చివరి మాట దాకా నాకు చదివి వినిపించారు, విన్నాను. ఏ మాటా తీసెయ్యమని నేను అడగలేదు. ఈ పద్నాలుగు మందిలో ఎవరు నా మీద గానీ పురపాలక సంఘం మీద గానీ ఫిర్యాదు పెట్టినా, దీన్ని నా సాక్ష్యంగా వాడుకోవచ్చు. మళ్ళీ పిలిస్తే వచ్చి ఇదే చెబుతాను.

కొల్లాటి మరిడమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
గరికిన పేరంటాలు, వేలిముద్ర
కొల్లాటి వీరవేణి, సంతకం

రాసిన మనిషి కూడా సాక్షిగా సంతకం చెయ్యాలని నిబంధన. నేను సాక్షిగా చెయ్యను. ఆ పద్నాలుగు మందిలో నేను ఒకదాన్ని. ఫిర్యాదుదారుగా చేస్తున్నాను.
ఉప్పర సుంకులమ్మ, ముప్పై ఒకటో గుర్తు కింద, కట్ట దిగువ గుడారాలు, ఎత్తూరు.